గ్యాస్ మీద స్లో స్పీడ్ నిలవని ఓమ్నీ

ప్రశ్న: నాది 2007 మారుతి ఓమ్నీ, ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ అందే రకం). రిటైరయ్యాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. గ్యాస్ కిట్టు అప్పటికే బిగించి ఉంది. పెట్రోల్ మీద బాగానే నడుస్తుంది. గ్యాస్ మీదే కొన్నాళ్లుగా స్లో స్పీడ్ నిలవడం లేదు. ఇంజన్ చప్పుడు పైకీ కిందికీ ఊగుతుంది, వ్యానంతా వణుకుతుంది. గుంటూరు వెళ్లి వస్తున్నప్పుడు రైల్వే గేటు పడితే, బ్రేకు వేసి క్లచ్ తొక్కగానే ఇంజన్ ఆగిపోతుంది. ఐదారు నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే కాసేపు ఏ తేడా తెలియదు. ఒక మెకానిక్ గ్యాస్ పైపు మీది స్క్రూ, రెడ్యూసర్ మీది స్క్రూ తిప్పి బాగుచేశాడు. అది రెండు రోజుల ముచ్చటే అయింది. అప్పట్నుంచి మైలేజీ పడిపోయింది, సైలెన్సర్ దగ్గర గ్యాస్ వాసన కూడా. ఇంకొకాయన కిట్టు మొత్తం మార్చమంటున్నాడు. మా అబ్బాయి సీఎన్‌జీ వేయించమంటాడు. ప్లగ్గులు నేను కొన్నాక మార్చలేదు. వేసవిలో నీళ్ల పైపు పగిలితే పైపులు మార్పించాను. సీటు ఎత్తి చూస్తే రెడ్యూసర్ తడితడిగా, ఒక్కోసారి తెల్లగా మంచు పట్టినట్టు ఉంటోంది. గ్యాస్ కదా, చల్లగానే ఉంటుందనుకుంటున్నాను. ఏం చేయమంటారు?

– ఒక రిటైర్డ్ టీచరు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీరు మాటవరసకి రాసినట్టు రాసిన ఆ చివరి సంగతే మీ బండి జబ్బు. గ్యాస్ కాబట్టి చల్లగా ఉంటుందనుకున్నారు గానీ, పది కిలోమీటర్లు నడిచిన బండిలో రెడ్యూసర్ మీద చెయ్యి పెడితే చురుక్కుమనాలి. తెనాలిలో దాని మీద మంచు పేరుకుంటోందంటే దానికి అందాల్సిన వేడినీళ్లు అందడం లేదన్నమాట. కిట్టు మార్చే మాట ఇప్పుడే వద్దు. ఆ స్క్రూలను కూడా ఇక ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

రెడ్యూసర్ ఏం చేస్తుందో చెబితే మిగతాది మీకే అర్థమవుతుంది. సిలిండర్లో ఎల్‌పీజీ ఒత్తిడి కింద ద్రవంగా ఉంటుంది. రెడ్యూసర్లోకి వచ్చాక ఒత్తిడి తగ్గి ఆవిరవుతుంది, దాని పరిమాణం దాదాపు 250 రెట్లు పెరుగుతుంది. అలా ఆవిరయ్యేటప్పుడు కిలోకి 350 నుంచి 400 కిలోజౌళ్ల దాకా వేడిని చుట్టుపక్కల నుంచి లాగేసుకుంటుంది. పెళ్లిళ్లలో వంటవాళ్లు పెద్ద పొయ్యి మీద గంటల తరబడి వండుతుంటే సిలిండర్ కింది భాగం చెమటపట్టి, మంట తగ్గిపోయి, దాన్ని తీసుకెళ్లి నీళ్ల తొట్టిలో నిలబెట్టడం మీరు చూసే ఉంటారు. అక్కడా ఇక్కడా జరిగేది ఒకటే. బండిలో ఆ వేడిని ఇవ్వడానికే ఇంజన్ చుట్టూ తిరిగి దాని వేడిని మోసే కూలెంటును (మనం నీళ్లు అనేది దీన్నే) రెండు పైపులతో రెడ్యూసర్ గుండా పోనిస్తారు.

కూలెంటు రాకపోతే ఏమవుతుంది? రోడ్డు మీద అరవైలో పోతున్నప్పుడు గ్యాస్ వాడకం ఎక్కువ, చలువా ఎక్కువ. రెడ్యూసర్ గడ్డకడుతుంది. లోపల గ్యాస్‌ని కొలిచి వదిలే పల్చటి రబ్బరు పొర, డయాఫ్రం, బిర్రబిగుస్తుంది. గ్యాస్‌లో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ ఉంటాయి. ప్రొపేన్ ఎంత చలిలోనైనా, మైనస్ 42 డిగ్రీల దాకా, ఆవిరవుతూనే ఉంటుంది. బ్యూటేన్ మాత్రం సున్నా డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది. దాంతో కొంత గ్యాస్ బొట్లుబొట్లుగా పైపులోకి జారుతుంది. బొట్టు ఆవిరైనప్పుడు ఇంజన్‌కి గ్యాస్ ఎక్కువై, అది అయిపోగానే తక్కువవుతుంది. మీరు విన్న ఊగుడు చప్పుడు ఇదే. వేగంలో ఉన్నంతసేపూ ఇంజన్ ఎలాగో లాక్కుపోతుంది. గేటు దగ్గర క్లచ్ తొక్కగానే దానికి కావాల్సింది చాలా కొద్ది గ్యాస్, అది కూడా నిలకడగా. గడ్డకట్టిన డయాఫ్రం అంత సన్నగా కొలిచి ఇవ్వలేక ఇంజన్ని చంపేస్తుంది. ఐదారు నిమిషాలు ఆగితే ఇంజన్ సెగకి మంచు కరుగుతుంది. అందుకే మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఏ తేడా తెలియడం లేదు.

పైపులు మార్చినప్పుడే ఏదో జరిగిందని నా అనుమానం. అయితే లోపల గాలి ఇరుక్కుని ఎయిర్ లాక్ అయి ఉండాలి, లేదా ఆ మెకానిక్ లీకు గొడవ వదిలించుకోవడానికి రెడ్యూసర్‌కి వెళ్లే రెండు పైపుల్ని దానితో పనిలేకుండా నేరుగా కలిపేసి ఉండాలి. రెండోది మన దగ్గర మామూలే. పెట్రోల్ మీద పరీక్షించి పంపేస్తారు, అప్పటికి బండి బ్రహ్మాండంగా ఉంటుంది మరి.

పరీక్ష మీరే చేసుకోవచ్చు. బండిని పెట్రోల్ మీద ఓ ఇరవై నిమిషాలు నడిపి, ఇంజన్ ఆపి, సీటు ఎత్తి, రెడ్యూసర్‌కి వెళ్లే నీళ్ల పైపులు రెండూ వేలితో తాకి చూడండి. ఒక్కసారిగా పట్టుకోకండి, కాలుతుంది. రెండూ వేడిగా ఉంటే నీళ్లు తిరుగుతున్నట్టే. ఒకటి కాలుతూ రెండోది గోరువెచ్చగా ఉంటే రెడ్యూసర్ లోపలి దారి పూడుకుపోయింది. రెండూ చల్లగా ఉంటే ఎయిర్ లాకో, కూలెంటు తక్కువో. అసలు పైపులే లేకపోతే ఇక చెప్పేదేముంది!

ఎయిర్ లాక్ తీయడానికి ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. కూలెంటు నిండుగా పోసి, రెడ్యూసర్ పైపుల్లో పైన ఉన్నదాన్ని కొద్దిగా వదులు చేసి గాలి పోయి నీళ్లు వచ్చేదాకా ఉంచి బిగించాలి. ఓమ్నీలో రేడియేటర్ నుంచి ఇంజన్ దాకా పైపులు పొడవు, గాలి ఇరుక్కోవడానికి చోటు ఎక్కువ. అందుకని ఒక్కసారికే వదలదు, మర్నాడు పొద్దున మళ్లీ చూసి తగ్గినంత పోయాలి. ఇంకో సంగతి. రెడ్యూసర్‌ని రేడియేటర్ మూత కంటే ఎత్తులో బిగించి ఉంటే ఎన్నిసార్లు గాలి తీసినా మళ్లీ అక్కడికే చేరుతుంది. అలా ఉంటే కిందికి దించి బిగించమనండి.

పోసేది కూలెంటే అయి ఉండాలి, పంపు నీళ్లు కాదు. మన బోరు నీళ్లలోని సున్నం, ఇంజన్ తుప్పు కలిసి రెడ్యూసర్‌లోని సన్నదారులను పూడ్చేస్తాయి. దాని అల్యూమినియం ఒంటిని కూడా తినేస్తాయి. అలాగే థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంటును రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు, ఉందో లేదో అడగండి. బండి హీటెక్కుతోందని దాన్ని పీకి పారేయడం కోస్తాలో ఒక ఆచారంలా తయారైంది. అది లేకపోతే కూలెంటు ఎప్పుడూ రేడియేటర్ గుండానే తిరిగి ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. పెట్రోల్ బండికి అది మైలేజీ నష్టం, గ్యాస్ బండికి అదే స్లో స్పీడ్ జబ్బు. ముఖ్యంగా ధనుర్మాసం పొద్దుల్లో.

ఇక ఆ స్క్రూల సంగతి. పైపు మీద తిప్పే స్క్రూ ఉందంటే మీది మిక్సర్ రకం కిట్టు. గ్యాస్‌ని ఇంజన్ పీల్చే గాలి తనంతట తాను లాక్కుంటుంది. రెడ్యూసర్ మీది స్క్రూ స్లో స్పీడ్‌లో వచ్చే గ్యాస్‌ని, పైపు మీది పవర్ స్క్రూ రేసులో వచ్చే గ్యాస్‌ని సరిచేస్తాయి. మీ మెకానిక్ చల్లబడ్డ రెడ్యూసర్‌కి తగ్గట్టు గ్యాస్ పెంచి ఉంటాడు. ఆ పూటకి ఇంజన్ నిలబడింది. కానీ వేడిగా ఉన్నప్పుడు అదే ఎక్కువై, సగం కాలక సైలెన్సర్ నుంచి బయటికి పోతోంది. వాసనా మైలేజీ దెబ్బా రెండూ దీనివల్లే. తప్పు అతని చేతిలో లేదు, వరసలో ఉంది. వేడి, నిప్పు, గాలి ఈ మూడూ సరిగ్గా ఉన్నాయని తేలాకే గ్యాస్ స్క్రూ ముట్టుకోవాలి.

నిప్పు అంటే ప్లగ్గులు. పెట్రోల్ మీద బాగుంది కాబట్టి ప్లగ్గులు బాగున్నట్టే అని చాలామంది మెకానిక్కులు కూడా అంటారు. నమ్మకండి. గ్యాస్ కలిసిన గాలిని అంటించడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అరిగిన ప్లగ్గు, పగుళ్లిచ్చిన ప్లగ్ వైరు, నీరసించిన కాయిల్ పెట్రోల్ మీద నెట్టుకొస్తాయి, గ్యాస్ మీద మిస్సింగ్ కొడతాయి, అంటే మధ్యమధ్యలో నిప్పు అంటుకోదు. మీ ప్లగ్గులు ఎప్పటివో మీకే తెలియదు. మూడు సిలిండర్ల ఇంజను, మూడంటే మూడు ప్లగ్గులు. కొత్తవి వేయించి, ఫీలర్ గేజ్‌తో సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య పెట్టించండి. వైర్లు పాతవైతే అవీ మార్పించండి. అసలు ఓమ్నీది మూడు సిలిండర్ల ఇంజన్ కాబట్టి స్లోలో కొంత వణుకు దాని పుట్టుకలోనే ఉంది. నాలుగు సిలిండర్ల కారులా నిశ్శబ్దంగా నిలబడాలని ఆశపడితే ఎన్ని ఖర్చు చేసినా తృప్తి ఉండదు.

గాలి విషయంలో మిక్సర్ కిట్టుకి పట్టింపు ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము పట్టిందంటే ఇంజన్ గాలి తక్కువ, గ్యాస్ ఎక్కువ పీలుస్తుంది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం (మ్యానిఫోల్డ్) గాస్కెట్ దగ్గరో, ఏదైనా చిన్న వ్యాక్యూమ్ పైపు చీలికలోంచో దొంగగాలి లోపలికి పోతే దానికి ఉల్టా, గ్యాస్ పలచబడి వణుకు వస్తుంది. బ్రేకు వేయగానే ఆగుతోందన్నారు కాబట్టి ఒకటి చూడండి. బండి నిలబెట్టి, ఇంజన్ స్లోలో ఉండగా, క్లచ్ జోలికి పోకుండా బ్రేకు పెడలొక్కటే నాలుగైదుసార్లు తొక్కండి. అప్పుడే ఇంజన్ పడిపోతుంటే బ్రేక్ బూస్టర్ (ఇంజన్ పీల్పుతో బ్రేకుకి బలమిచ్చే డబ్బా) పైపు దగ్గర లీకుంది. చలనం లేకపోతే ఆ అనుమానం కొట్టేయండి. లీకు వెతకడానికి కొందరు ఇంజన్ మీద పెట్రోలో స్ప్రేనో చల్లి చప్పుడు మారుతుందేమో వింటారు. సీటు కింద ఇంజనున్న వ్యానులో ఆ ప్రయోగం చేయనివ్వకండి.

ఇంకో చిన్న గమనిక. గ్యాస్ మీద నడిచినన్ని రోజులు పెట్రోల్ ముల్లు కూడా దిగుతోందా? దిగుతుంటే గ్యాస్ మీద ఉన్నప్పుడు పెట్రోల్ ఇంజెక్టర్లను ఆపాల్సిన పరికరం పాడైంది, రెండు ఇంధనాలూ ఒకేసారి పోతున్నాయి. ఆ మిస్సింగ్ ఏ స్క్రూకీ లొంగదు.

ఇవన్నీ అయ్యాక రెడ్యూసర్ అడుగున డ్రెయిన్ బోల్టు ఉంటే దాన్ని తీసి జిడ్డు వదిలించమనండి. ఎల్‌పీజీతోపాటు వచ్చే బరువైన నూనె ఆవిరి కాకుండా అక్కడే మిగిలిపోతుంది. నల్లగా, భరించలేని కంపు కొడుతుంది. ఎంత ఎక్కువ చల్లగా పనిచేస్తే అంత ఎక్కువ పేరుకుంటుంది కాబట్టి మీ దాంట్లో బాగానే ఉండాలి. ఇది వెచ్చగా ఉన్నప్పుడే కారుతుంది. ముందు సిలిండర్ మీది వాల్వు చేత్తో కట్టేసి, లైన్లో మిగిలిన గ్యాస్ అయిపోయేదాకా ఇంజన్ నడిపి, ఆపి, ఆరుబయటే తీయాలి. గ్యాస్ వాల్వు దగ్గరి ఫిల్టర్ కూడా అప్పుడే మార్చేయొచ్చు. చలికి బిర్రబిగిసి బిగిసి డయాఫ్రం చిట్లి ఉంటే రెడ్యూసర్ రిపేర్ కిట్టు వేయాల్సి రావచ్చు. రబ్బరు ముక్కలూ గాస్కెట్లే, కిట్టు మొత్తం ధర కాదు.

అప్పుడు స్క్రూలు. ఇంజన్ బాగా వేడెక్కాక, ఇప్పుడున్న చోటుని పెయింటు చుక్కతో గుర్తుపెట్టుకుని, స్లో స్క్రూని పావు చుట్టు పావు చుట్టుగా తిప్పుతూ ప్రతిసారీ అర నిమిషం ఆగి వినాలి. ఇంజన్ అన్నిటికంటే నిలకడగా ఉన్న చోట ఆపాలి. పవర్ స్క్రూని రేసు ఇచ్చి పట్టుకుని, వేగం పడిపోవడం మొదలయ్యేదాకా మూసి, అక్కణ్నుంచి కొద్దిగా తెరవాలి. మళ్లీ స్లో ఒకసారి సరిచూడాలి. చెవి మీద ఆధారపడే కంటే పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల యంత్రం సైలెన్సర్లో పెట్టించి, కార్బన్ మోనాక్సైడ్ అంకె చూస్తూ తిప్పితే ఇంకా మేలు. పైపు మీద స్క్రూ బదులు వైర్లున్న చిన్న మోటారు ఉంటే మాత్రం అది కంప్యూటర్‌తో సరిచేసే రకం, చేత్తో తిప్పేది కాదు. తెనాలిలో ఎవరూ లేకపోతే గ్యాస్ ఆటోలు బాగుచేసే పాత చేతిని వెతకండి. మిక్సర్, రెడ్యూసర్ల విషయంలో కార్ల షోరూముల్లో కుర్రాళ్లకంటే వాళ్లకే చేయి తిరిగి ఉంటుంది.

ట్యాపెట్లు (వాల్వుల్ని నొక్కి తెరిచే భాగాలు) కూడా సెట్ చేయించండి. పెట్రోల్‌కీ గ్యాస్‌కీ వాల్వు సీట్ల అరుగుదలలో తేడా ఉంది. గ్యాస్ మీద ఎగ్జాస్ట్ వాల్వు సీటు అరిగేకొద్దీ వాల్వు లోపలికి దిగి, ట్యాపెట్ సందు తగ్గిపోతుంది. ట్యాపెట్ చప్పుడు తగ్గిందని సంతోషిస్తాం, నిజానికి అది చెడ్డ కబురు. సందు పూర్తిగా పోతే వాల్వు మూసుకోక, కంప్రెషన్ పోయి, ఆ సిలిండర్ స్లోలో పనిచేయదు, కొన్నాళ్లకి వాల్వు కాలిపోతుంది. గ్యాస్ బండికి ఏడాదికోసారి చూపించడం మంచి అలవాటు.

సైలెన్సర్ దగ్గరి వాసన గురించి చెప్పాను. అదే వాసన వ్యాను లోపల, పొద్దున తలుపు తీయగానే వస్తే అది వేరే కథ, అది లీకు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, పైకి పోదు, ఓమ్నీ నేల మీదే పేరుకుంటుంది. లైటు స్విచ్చి కూడా వేయకుండా తలుపులన్నీ తెరిచి, సిలిండర్ వాల్వు కట్టేసి, సబ్బు నురగతో జాయింట్లు చూడాలి. అగ్గిపుల్లతో లీకు వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటివాణ్ని బండి దగ్గరికి రానివ్వకండి.

సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి రెండు కాగితాలు చూసుకోండి. ఆర్‌సీలో ఇంధనం దగ్గర పెట్రోల్‌తోపాటు ఎల్‌పీజీ అని ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు మొండికేస్తారు. సిలిండర్‌కి ఐదేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి, ఆ తేదీ సిలిండర్ ప్లేటు మీద కొట్టి ఉంటుంది. గడువు దాటి ఉంటే పైన చెప్పినవాటన్నిటికంటే ముందు చేయించాల్సింది అదే. బంకుల్లో ఆటో గ్యాస్ దొరకడం కష్టమైందని ఇంటి సిలిండర్ నుంచి ఎక్కించే చోట్లు ఉన్నాయి. అది చట్టం ఒప్పుకోని పని. పైగా ఎక్కించేటప్పుడు 80 శాతం దగ్గర ఆగకుండా నింపేస్తే ఎండకి ద్రవం వ్యాకోచించడానికి చోటుండదు.

ఇది తేలేదాకా వారానికి ఒకటి రెండు రోజులు పెట్రోల్ మీద నడపండి, ట్యాంకులో పావువంతుకి తగ్గనివ్వకండి. ట్యాంకులో ఉండే పెట్రోల్ పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే, ఖాళీగా తిరిగితే కాలిపోతుంది.

మీ అబ్బాయి చెప్పిన సీఎన్‌జీ విషయం. ఇప్పుడున్న కిట్టులో ఏదీ దానికి పనికిరాదు. ఎల్‌పీజీ సిలిండర్లో ఒత్తిడి పది బార్ లోపే ఉంటుంది, సీఎన్‌జీది 200 బార్. సిలిండర్, పైపులు, రెడ్యూసర్, ఆర్‌సీలో మార్పు అన్నీ కొత్తగా పెట్టుకోవాలి. బరువైన సిలిండరు వెనక సీటు చోటు తినేస్తుంది. సీఎన్‌జీ రెడ్యూసర్‌కీ వేడినీళ్లే కావాలి కాబట్టి మీ కూలెంటు పైపుల జబ్బు అక్కడికీ వస్తుంది. 2007 బండి అంటే 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ అయిపోయి, ఐదేళ్లకు రెన్యువల్ మీద తిరుగుతూ ఉండాలి. ఆ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుని, మళ్లీ రెన్యువల్ చేయించే ఉద్దేశం ఉంటేనే ఆ ఖర్చు గురించి ఆలోచించండి. నన్నడిగితే ముందు కూలెంటు, ప్లగ్గులు, ట్యాపెట్లు చూపించి, ఒక నెల నడిపి, మంచు మళ్లీ పట్టిందో లేదో రాయండి.